స్టెల్లియోనేట్: బల్లి పేరు పెట్టుకున్న మోసం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, తాకట్టులో ఉన్న ఇంటిని ఏ తాకట్టూ లేదని చెప్పి అంటగట్టడం మనకు కొత్త కాదు. డబుల్ రిజిస్ట్రేషన్ అంటే ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఇలాంటి పనికి రోమన్ న్యాయవేత్తలు సుమారు 1800 ఏళ్ళ కిందటే ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు ఇంగ్లిష్ కోర్టుల్లో వినపడదు, నిఘంటువుల్లో ఓ మూల ఉంటుంది. బ్రెజిల్‌లో మాత్రం రోజూ వార్తల్లో కనిపిస్తుంది. ఈ మాట గురించి చెప్పిన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్నలు ఇవి.

అసలు ఈ మాట ఏంటి? ఎలా పలకాలి?

ఇంగ్లిష్‌లో స్టెల్లియోనేట్. లాటిన్‌లో స్టెల్లియొనాటుస్, ఫ్రెంచిలో స్టెల్యొనా, స్పానిష్‌లో ఎస్తెలియొనాతో. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, ఇంగ్లిష్ లాయర్లలో కూడా చాలామందికి తిరగదు.

స్థూలంగా దాని అర్థం "వేరే పేరేదీ అతకని మోసం". సన్నని అర్థం ఇంకొకటి ఉంది. ఆస్తి మీద ఉన్న తాకట్టునో, ముందే జరిగిన అమ్మకాన్నో దాచిపెట్టి దాన్నే మరొకరికి అమ్మడం లేదా కుదువ పెట్టడం. మొదట్లో పెద్ద అర్థమే ఉండేది. కాలం గడిచేకొద్దీ కొన్ని దేశాల్లో అది చిన్న అర్థంలోకి కుదించుకుపోయింది, కొన్ని దేశాల్లో మరింత పెద్దదైంది.

బల్లికీ మోసానికీ ఏం సంబంధం?

లాటిన్‌లో స్టెల్లా అంటే నక్షత్రం. ఒంటి మీద చుక్కలున్న ఒక రకం బల్లిని రోమన్లు స్టెల్లియో అనేవాళ్ళు. దేవతను చూసి వెక్కిరించిన కుర్రాడొకడు ఆమె కోపానికి గురై ఒంటినిండా చుక్కల బల్లిగా మారిపోయాడని వాళ్ళ పురాణకథ ఒకటి ఉంది.

బల్లి మోసగాడికి మారుపేరు ఎందుకైందో చెప్పినవాడు ప్లినీ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ఈయనే. ఆయన రాసింది చదివితే నవ్వొస్తుంది. బల్లి కుబుసం మూర్ఛరోగానికి మందని అప్పటివాళ్ళ నమ్మకం. బల్లికి ఆ సంగతి తెలుసట! మనిషికి దక్కనివ్వకూడదని కుబుసం విడిచిన వెంటనే తానే మింగేస్తుందట. మనిషి మీద ఇంత కపటంగా అసూయ పడే జంతువు ఇంకొకటి లేదని జనం చెప్పుకుంటారని, అందుకే దాని పేరు తిట్టుగా మారిందని ప్లినీ రాశాడు.

ఆ కుబుసాన్ని దక్కించుకోవడానికి జనం పడిన పాట్లు కూడా ఆయనే చెప్పాడు. వేసవిలో తలుపుల దగ్గరా కిటికీల దగ్గరా సమాధుల్లోనూ బల్లి ఎక్కడ ఉంటుందో కనిపెట్టుకునేవాళ్ళు. వసంతం మొదలవగానే చీల్చిన రెల్లుతో అల్లిన చిన్న బుట్టలు అక్కడ పెట్టేవాళ్ళు. ఇరుకుగా ఉంటే ఒరుసుకోవడానికి వీలని బల్లి ఇష్టంగా దూరి కుబుసం విడుస్తుంది. బయటికొచ్చాక మాత్రం దాని కోసం మళ్ళీ లోపలికి పోలేదు. మొత్తానికి మోసగత్తె అని పేరు బల్లికి వచ్చింది, బుట్ట పెట్టి మోసం చేసింది మాత్రం మనిషి.

నిజంగా బల్లి తన కుబుసం తింటుందా?

తింటుంది. గెకో జాతి బల్లులు చర్మం ఊడగానే నోటితో లాక్కుని తినడం మామూలే. మన ఇళ్ళలో గోడల మీద తిరిగే బల్లులు కూడా ఆ జాతివే. చూసినది సరిగ్గానే చూశారు, చెప్పుకున్న కారణమే కట్టుకథ.

అది మన బల్లేనా, ఊసరవెల్లా?

ప్లినీ వర్ణన ప్రకారం తలుపుల దగ్గర, కిటికీల దగ్గర ఉండేది కాబట్టి గోడబల్లి లాంటిదే అయి ఉండాలి. అయితే 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఇదే పేరును వేరే జీవికి పెట్టాడు. తూర్పు మధ్యధరా ప్రాంతంలో రాళ్ళ మీద ఎండ కాగే, తొండను పోలిన జీవి అది. దాని శాస్త్రీయ నామంలో స్టెల్లియో ఇప్పటికీ ఉంది.

ఊసరవెల్లి అయితే కాదు. కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్ళకు ఊసరవెల్లి ఎందుకు గుర్తొస్తుందో తెలుసు. తెలుగులో పూటకో రంగు మార్చేవాణ్ణి ఊసరవెల్లి అంటాం. బల్లిని మాత్రం మనం అలా చూడం. మాట మధ్యలో బల్లి పలికితే "సత్యం, సత్యం" అంటూ వేలితో నేల మీదో బల్ల మీదో తట్టే పెద్దవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. ఒంటి మీద పడితే శాస్త్రం చూస్తాం, కంచికి వెళ్ళి బంగారు బల్లిని తాకి వస్తాం. రోమన్లు అబద్ధానికి గుర్తుగా పెట్టుకున్న ప్రాణి మన ఇంట్లో నిజానికి సాక్షి!

చట్టంలోకి రాకముందే ఇది తిట్టుగా ఉండేదా?

ఉండేది. నీరో చక్రవర్తి కాలం నాటిదని చెప్పే ఒక లాటిన్ రచనలో, కొత్తగా డబ్బు చేసిన ఒక పెద్దమనిషి విందులో గొప్పలు పోతూ, రోమన్ల శత్రువైన కార్తేజ్ సేనాని హన్నిబాల్‌ను "జిత్తులమారి, పెద్ద బల్లి" అంటాడు. అంటే బజారు తిట్టే ముందు, న్యాయపదం తర్వాత. ముందు జనం నోట పుట్టి తర్వాత చట్టపు భాషలోకి పాకిన మాట ఇది. చట్టంలో ఎక్కువగా దీనికి ఎదురు జరుగుతుంది.

రోమన్ చట్టంలో ఇది కచ్చితంగా ఏ నేరం?

కచ్చితంగా ఏ నేరమూ కాకపోవడమే దీని ప్రత్యేకత.

జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన న్యాయ సంకలనం డైజెస్టులో 47వ భాగం 20వ శీర్షిక ఈ నేరానిది. అక్కడ ఎక్కువగా మాట్లాడేది మూడో శతాబ్దం తొలినాళ్ళ న్యాయవేత్త ఉల్పియన్. ఆయన చెప్పినదాని సారం ఇది. ఎవరైనా కపటంతో ఏదైనా చేస్తే, దానికి తగిన మరో నేరం పేరు లేకపోతే, ఈ పేరు కింద అభియోగం పెట్టవచ్చు. సివిల్ వ్యాజ్యాల్లో కపటం మీద వేసే దావా ఎలాంటిదో, క్రిమినల్ వ్యవహారాల్లో ఇది అలాంటిది. ఎక్కడెక్కడ నేరం పేరు దొరకదో అక్కడక్కడ ఇది పనికొస్తుంది. వేరువేరు రకాలను లెక్కపెట్టాల్సిన పని లేదని కూడా ఆయనే అంటాడు.

లెక్క అక్కర్లేదంటూనే ముఖ్యమైనవి చెప్పాడు. ఒకరికి కుదువ పెట్టిన వస్తువును ఆ సంగతి దాచి మరొకరికి అమ్మడం, మారకం వేయడం, అప్పు కింద జమ కట్టడం. సరుకు మార్చేయడం, తాకట్టు సరుకును పక్కకు తప్పించడం, పాడు చేయడం. మరొకరిని ముంచడానికి కుమ్మక్కు కావడం. ఈ జాబితా తీసుకెళ్ళి ఏ జిల్లా కేంద్రంలోని లాయరు ముందు పెట్టినా, "ఇవన్నీ నా దగ్గర ఉన్న కేసులే" అంటాడు.

దొంగతనం, ఫోర్జరీ ఉండగా దీని అవసరం ఎందుకొచ్చింది?

డైజెస్టులోనే తాకట్టుల భాగంలో ఉన్న ఒక ఉదాహరణ చూస్తే తెలిసిపోతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన భాగం అదే.

ఒకడు బంగారం కుదువ పెట్టి అప్పు తీసుకుంటానన్నాడు. బంగారం ఇచ్చాడు, తర్వాత ఎవరూ చూడకుండా దాన్ని తీసేసి ఆ స్థానంలో ఇత్తడి పెట్టాడు. ఇది దొంగతనం, అందులో సందేహం లేదు. అప్పిచ్చినవాడి చేతిలోకి వచ్చిన వస్తువును కాజేశాడు.

మరి ఇచ్చేటప్పుడే బంగారమని చెప్పి ఇత్తడి ఇస్తే? అప్పిచ్చినవాడి చేతిలోకి బంగారం అసలు రానే లేదు. రానిదాన్ని ఎత్తుకుపోయాడని ఎలా అంటాం? అందుకే పాత న్యాయవేత్త సబీనస్, అలా చేసినవాడిది సిగ్గుమాలిన పనే కానీ వాడు దొంగ కాడన్నాడు. పత్రాల్లో ఏమీ దిద్దలేదు కాబట్టి ఫోర్జరీ కిందికీ రాదు. చేసింది తప్పని అందరికీ తెలుసు, పెట్టడానికే పేరు లేదు. ఉల్పియన్ ఇక్కడే స్టెల్లియోనేట్‌ను తీసుకొచ్చాడు. తాకట్టు ఒప్పందం కింద దావా ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు వాణ్ణి ఈ నేరం కింద శిక్షించాలి, ఈ విషయంలో చక్రవర్తుల ఉత్తర్వులు చాలాసార్లు వచ్చాయి అన్నాడు.

గిల్టు నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నారని వార్త చూసినప్పుడల్లా నాకు సబీనస్ గుర్తొస్తాడు. రోమన్ల కాలంలో ఇత్తడి, ఇప్పుడు రాగికి బంగారు పూత.

శిక్ష ఏంటి?

చట్టంలో రాసిపెట్టిన శిక్ష లేదు, ఎందుకంటే చట్టం పేరు పెట్టిన నేరమే కాదు కదా. రాష్ట్రపాలకుడు తన విచక్షణతో విధించేవాడు. హద్దులు మాత్రం ఉన్నాయి. సామాన్యుడికి గనుల్లో పనిని మించిన శిక్ష వేయకూడదు. హోదా ఉన్నవాడికి కొంతకాలం ఊరి నుంచి బహిష్కారం, లేదా ఆ హోదా నుంచి తొలగింపు. ఒకే తప్పుకు ఒకడికి గని, ఇంకొకడికి వనవాసం అన్నమాట. రోమన్ న్యాయాన్ని తెగ పొగిడేవాళ్ళు ఈ వాక్యం దగ్గర కాస్త తొందరగా పేజీ తిప్పేస్తారు.

మరో న్యాయవేత్త మోడెస్టినస్ ఇంకొకటి చేర్చాడు. కుదువ పెట్టే వస్తువు తనదేనని పత్రంలో దొంగ ప్రమాణం చేసినవాడిది కూడా ఈ నేరమే, వాడికి కొంతకాలం ప్రవాసం.

ఏ పేరూ లేనిదాన్నంతా ఒక సంచిలో వేస్తే ప్రమాదం కాదా?

ప్రమాదమే. చేసేటప్పుడు నేరమని ముందే చెప్పని పనికి తర్వాత శిక్ష వేయడం ఇప్పటి న్యాయానికి సరిపడదు. మన రాజ్యాంగం 20వ అధికరణ మొదటి క్లాజు కూడా ఆ మాటే అంటుంది. పని చేసిననాటికి అమల్లో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప ఎవరినీ నేరస్థుడిగా తేల్చకూడదు.

అయినా ఉల్పియన్‌ను నేను పూర్తిగా తప్పు పట్టలేను. మోసగాడు చట్టం చదివి, దాని అంచు ఎక్కడుందో చూసుకుని, ఒక్క అడుగు అవతల నిలబడతాడు. అలాంటివాడికి ముందే గీసిన గీత సరిపోదు. కొత్తరకం సైబర్ మోసం వచ్చిన ప్రతిసారీ దీన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలని స్టేషన్లో తలలు పట్టుకోవడం ఈ పాత తలనొప్పే.

ఫ్రాన్స్‌లో దీని సంగతేంటి?

అక్కడ ఆ పెద్ద సంచి బాగా చిన్నదైంది. 1804 నాటి సివిల్ కోడ్ 2059వ అధికరణలో దీని నిర్వచనం ఉండేది. తనది కాదని తెలిసీ స్థిరాస్తిని అమ్మడం లేదా తాకట్టు పెట్టడం, తాకట్టులో ఉన్న ఆస్తిని ఏ భారం లేనిదిగా చూపించడం, ఉన్న తాకట్టును తగ్గించి చెప్పడం. అంతే. ఇత్తడి లేదు, సరుకు మార్చడం లేదు, అంతా భూమి, ఇల్లు.

పరిధి తగ్గినా పదును తగ్గలేదు. సివిల్ వ్యవహారంలో కూడా ఇలా చేసినవాణ్ణి బాకీ కింద జైల్లో పెట్టొచ్చు. 70వ ఏట అడుగుపెట్టినవాళ్ళనూ ఆడవాళ్ళనూ బాకీలకు జైల్లో పెట్టకూడదని 2066వ అధికరణ చెబుతూనే, స్టెల్యొనా అయితే ఆ మినహాయింపు లేదంది. ఉన్న ఆస్తంతా అప్పులవాళ్ళకు అప్పగించి బయటపడే సౌకర్యం కూడా వీళ్ళకు లేదు.

ఇంకో చోట చూడండి. భార్య ఆస్తికి రక్షణగా భర్త ఆస్తి మీద చట్టం కల్పించే తాకట్టు ఒకటుండేది. మైనర్ల విషయంలో సంరక్షకుడి ఆస్తి మీద కూడా అంతే. దాన్ని నమోదు చేయించకుండా, చెప్పకుండా, ఆ ఆస్తిని వేరేవాళ్ళకు తాకట్టు పెట్టిన భర్తను లేదా సంరక్షకుణ్ణి కూడా ఈ నేరస్థుల్లోనే కలిపారు. 1804లో భార్య హక్కుల గురించి పెద్దగా పట్టించుకోని కోడ్, ఈ ఒక్క చోట మొగుడి మెడ మీద కత్తి పెట్టింది.

1867 జులై 22 నాటి చట్టంతో సివిల్ బాకీలకు జైలు పోయింది. జైలు పోయాక ఆ మాటకు పనీ పోయింది.

అంటే యానాంలో కూడా ఇది ఉండేదా?

ఈ ప్రశ్న కోనసీమ మిత్రుడొకడు అడిగాడు, బాగుంది. ఫ్రెంచి కోడ్‌లను 1819లో పుదుచ్చేరి స్థావరాలకు వర్తింపజేశారు. యానాం వాటిలో ఒకటి. పెళ్ళి, వారసత్వం లాంటి వాటిలో స్థానికులకు వాళ్ళ ఆచారాలే నడిచాయి. తాకట్టులు, అమ్మకాలు చూసే కోడ్ మాత్రం పారిస్ నుంచి వచ్చినదే. తెలుగు నేల మీద ఈ మాట అధికారికంగా అడుగుపెట్టింది బహుశా ఆ గోదావరి ఒడ్డునే.

ఇంగ్లిష్ వాళ్ళు వాడారా?

ఇంగ్లండ్ కోర్టులు పెద్దగా పట్టించుకోలేదు. రోమన్ చట్టం నీడ ఎక్కువగా ఉన్న స్కాట్లాండ్‌లో న్యాయగ్రంథాలు దీన్ని ప్రస్తావించాయి. ప్రత్యేకమైన పేరు లేని మోసాలకూ, ఒకే హక్కును ఇద్దరికి రాసివ్వడానికీ అక్కడ ఇది పనికొచ్చింది. ఇప్పుడు అక్కడ కూడా ఫ్రాడ్ అంటే సరిపోతుంది.

బ్రెజిల్‌లో రోజూ వాడతారన్నారు, ఎలా?

1830 నాటి బ్రెజిల్ సామ్రాజ్య శిక్షాస్మృతిలోనే ఇది ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న 1940 శిక్షాస్మృతిలో 171వ అధికరణ దీనిదే. ఎదుటివాణ్ణి ఏదైనా యుక్తితో, కుట్రతో, మోసపు పద్ధతితో పొరపాటులోకి నెట్టి, వాడికి నష్టం చేసి, అక్రమ లాభం పొందడం. శిక్ష 1 నుంచి 5 ఏళ్ళ జైలు, జరిమానా. పరాయి ఆస్తిని తనదిగా అమ్మడం, తాకట్టులో ఉన్న సొంత ఆస్తిని దాచిపెట్టి అమ్మడం, డబ్బు లేని ఖాతా మీద చెక్కు ఇవ్వడం కూడా దీని కింద విడివిడిగా రాశారు. ఆన్‌లైన్ మోసానికి 2021లో ఒక చట్టం ద్వారా 4 నుంచి 8 ఏళ్ళ శిక్ష చేర్చారు.

అసలు ముచ్చట ఇది కాదు. అక్కడ మోసగాణ్ణి "171" అంటారు. "వాడు నూటడెబ్బై ఒకటి" అని కాదు, అంకె అంకెగా "ఒకటి ఏడు ఒకటి" అని పలుకుతారు. మనం "వాడొక ఫోర్‌ట్వంటీ గాడు" అంటాం చూడండి, అచ్చం అదే! ఒకరి గాలి ఒకరికి తగలని రెండు దేశాల జనం, శిక్షాస్మృతి సెక్షన్ నంబరును తీసుకుని ఒకేరకంగా తిట్టు చేసుకున్నారు.

మాట అక్కడితో ఆగలేదు. ఎన్నికల్లో ఒకటి చెప్పి గెలిచాక ఇంకొకటి చేసే నాయకుడి పనిని "ఎన్నికల ఎస్తెలియొనాతో" అంటారు. ప్రేమ పేరుతో డబ్బు లాగేస్తే "మనసుతో చేసిన ఎస్తెలియొనాతో". విచిత్రం ఏమిటంటే, బ్రెజిల్‌కు ఆ భాష ఇచ్చిన పోర్చుగల్ శిక్షాస్మృతిలో ఇదే నేరాన్ని "బుర్ల" అనే వేరే మాటతో పిలుస్తారు. బల్లి సముద్రం దాటి పోయింది, పుట్టింట్లో మిగల్లేదు.

అర్జెంటీనాలో?

కోడ్‌లో మోసాల జాబితా ఉన్న 173వ అధికరణ 9వ అంశాన్ని లాయర్లు ఇప్పటికీ ఈ పేరుతోనే పిలుస్తారు. వివాదంలో ఉన్న, జప్తయిన, తాకట్టులో ఉన్న ఆస్తిని ఏ చిక్కూ లేనిదిగా అమ్మడం అందులోకి వస్తుంది. ఫ్రెంచివాళ్ళ చిన్న అర్థమే దాదాపుగా.

మన చట్టంలో ఈ మాట ఉందా?

మాట లేదు, నేరం ఉంది. మెకాలే 1837లో సిద్ధం చేసిన ముసాయిదా నుంచి 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి నడక ఉల్పియన్‌కు సరిగ్గా ఎదురు. ముందు నిర్వచనం, వెంటనే ఉదాహరణలు. 415వ సెక్షన్ మోసాన్ని నిర్వచించి, కింద కొన్ని చిన్న కథలు చెబుతుంది. వాటిలో రెండు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఒకడు వజ్రాలు కానివాటిని వజ్రాలని నమ్మించి తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటాడు. ఇంకొకడు ఒక ఎస్టేటును ఒకరికి అమ్మి, ఆ సంగతి చెప్పకుండా మరొకరికి అమ్మి లేదా తాకట్టు పెట్టి డబ్బు తీసుకుంటాడు. డైజెస్టులోని ఇత్తడీ, డబుల్ తాకట్టూ పేర్లు మార్చుకుని వచ్చినట్టే ఉంటాయి.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 415 నుంచి 420 దాకా ఉన్నదంతా ఇప్పుడు ప్రధానంగా 318లో ఉంది, 420 స్థానంలో 318(4). "వాడొక 318(4)" అని తిట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి, ఫోర్‌ట్వంటీ మన నోళ్ళలో ఇంకో తరం బతుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక కూడా చెప్పాలి. తనది కాని స్థలాన్ని తనదేనని సేల్‌డీడ్ రాసినవాడి మీద అసలు యజమాని ఫోర్జరీ కేసు పెడితే నిలుస్తుందా? అలా రాయడం దొంగ పత్రం సృష్టించడం కిందికి రాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అతడు మరొకరి పేరుతో సంతకం చేయలేదు, తన పేరుతోనే అబద్ధం రాశాడు. మోసపోయానని ఫిర్యాదు చేయాల్సింది డబ్బు కట్టిన కొనుగోలుదారు. "దొంగ కాడు, మరేమిటి?" అన్న సబీనస్ చిక్కే మళ్ళీ ఇక్కడ.

మన పాత ధర్మశాస్త్రాల్లో దీనికి సాటి ఉందా?

ఉంది. మనుస్మృతి వ్యాజ్యాలను 18 రకాలుగా విడగొట్టింది. వాటిలో ఒకటి అస్వామి విక్రయం, అంటే సొంతదారు కానివాడు అమ్మడం. యాజ్ఞవల్క్యుడు ఇంకా సూటిగా, తాకట్టు, దానం, కొనుగోలు ఈ మూడింటిలో ముందు జరిగినదే బలమైనది అన్నాడు. మిగతా డబ్బు తగాదాల్లో తర్వాతి చర్యకు బలమిచ్చి, వీటికి మాత్రం ఎదురు సూత్రం పెట్టాడు. ఆస్తి బదలాయింపు చట్టం 48వ సెక్షన్ చెప్పేదీ ఇంచుమించు ఇదే.

విష్ణుస్మృతిలో డబుల్ తాకట్టుకు ప్రత్యేకంగా శిక్ష ఉంది. గోచర్మం కన్నా ఎక్కువ భూమిని ఒకరికి కుదువ పెట్టి, విడిపించకుండా మరొకరికి పెడితే శరీర దండన. తక్కువైతే 16 సువర్ణాల జరిమానా. గోచర్మం అంటే ఆవు తోలంత అనుకునేరు! ఒక మనిషి ఏడాది పొడుగునా తిండి తినడానికి సరిపడా పంట పండే భూమి అని అక్కడే వివరించారు. కొలతను గజాల్లో కాకుండా కడుపుతో చెప్పడం నాకు భలే నచ్చింది.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాబట్టి ఈ న్యాయపు తగాదాలు తెలుగులో చదవడం మనకు ఇంగ్లిష్ వాడితో మొదలవలేదు.

తెలుగులో దీన్ని ఏమనాలి?

నిఘంటువు కోసమైతే "భారగోపన మోసం" లాంటిదేదో కట్టవచ్చు, కానీ ఎవరూ పలకరు. సన్నని అర్థానికి డబుల్ రిజిస్ట్రేషన్, డబుల్ తాకట్టు అన్నవే నిజంగా జనం అనే మాటలు. పెద్ద అర్థానికి దగా బాగుంటుంది. పర్షియన్ నుంచి వచ్చినా మన సొంతమైపోయిన మాట అది.

తిట్టులో ఉన్న ఆ రోమన్ రుచి కావాలంటే మనకు కొరతేం లేదు. టోకరా, బురిడీ, కుచ్చుటోపీ. మన ప్రత్యేకత గుడి నుంచి తెచ్చుకున్నవి: పంగనామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు. శఠుడు అంటే సంస్కృతంలో మోసగాడే అన్నది అదనం. వాళ్ళు గోడ మీది బల్లిని చూశారు, మనం నెత్తి మీద పెట్టే శఠారిని చూశాం.

ఇలాంటి అరుదైన మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

పాత ఇంగ్లిష్ చట్టంలో కోవిన్ ఉంది. ఇద్దరు ముగ్గురు లోపాయికారీగా కూడి మూడోవాణ్ణి ముంచడం. కలిసి రావడం అనే లాటిన్ మూలం నుంచి వచ్చింది. కుమ్మక్కు అనే అర్థమున్న కొల్యూజన్‌లో ఉన్నది ఆట, కలిసి ఆడే నాటకం. ఇవి రెండూ మనుషులు ఏం చేస్తారో చెబుతాయి. స్టెల్లియోనేట్ ఒక్కటే ఏమీ చేయని ఒక ప్రాణి మీద నింద మోపింది.

ప్లాటు కొనేవాడికి ఇదంతా ఎందుకు?

మాట అక్కర్లేదు, ఆ మాట ఎక్కడ పుట్టిందో గుర్తుంటే చాలు. దాచిన తాకట్టు దగ్గర పుట్టింది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి అంతా క్లియర్ అనుకుంటాం. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకునే పద్ధతికి, ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేకంగా దస్తావేజు రాయాల్సిన పనే లేదు. అది రిజిస్టర్ కాకపోతే ఈసీ తెల్లగా వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే ఉంటుంది, అంతకుముందు కావాలంటే ఆఫీసులో వెతికించాలి.

ఒకే ఆస్తి మీద నాలుగు బ్యాంకుల్లో అప్పులు తీసుకునే బాగోతం ఆపడానికే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. కొద్ది ఫీజు కట్టి ఎవరైనా అందులో వెతకొచ్చు. లింకు డాక్యుమెంట్లు అన్నీ ఒరిజినల్‌గా చూడాలి. అమ్మేవాడు జిరాక్సులు ముందు పెట్టి "ఒరిజినల్స్ లాకర్లో భద్రంగా ఉన్నాయండీ" అంటే, ఆ లాకర్ ఏ బ్యాంకులో ఉందో, ఆ బ్యాంకులో ఇంకేం ఉన్నాయో అడగండి.